ఎగదోసిందెవరు?

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా డిపార్ట్‌మెంటుకి ఒకాయన వచ్చాడు. నా దగ్గర ఎం.ఎ. చదివిన అమ్మాయికి అన్నయ్య. అంతకు పదిరోజుల ముందే ఆ అమ్మాయి రెండేళ్ల కూతుర్ని తీసుకుని అత్తగారింటి నుంచి వచ్చేసింది. పుట్టింటికి వెళ్లలేదు. స్నేహితురాలి గదిలో ఉంటోంది. ఆయనేమీ కేకలు వేయలేదు. కూర్చుని, మంచినీళ్లు తాగి, నెమ్మదిగానే అన్నాడు: "మా చెల్లెలికి ఇంత తెగింపు లేదు మేడమ్. దాన్నెవరో మునగచెట్టు ఎక్కించారు. మీరేనని మా బావగారంటున్నారు."

"నేనేమీ చెప్పలేదండీ. తన నిర్ణయం తనే తీసుకుంది" అన్నాను.

ఆయన వెళ్లిపోయాక హమ్మయ్య అనుకున్నాను. నేనన్నది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయన వాడిన మాట గురించి. మునగచెట్టు కొమ్మ పెళుసు. ఎక్కినవాళ్లు పడతారు, ఎక్కించినవాళ్లు కింద నిలబడి చూస్తారు. ఆ ఒక్క మాటతో ఆయన మా ఇద్దరికీ రెండు పాత్రలిచ్చేశాడు. తన చెల్లెలు ఆలోచన లేని పిల్ల. నేను ఆలోచన ఉన్న దుర్మార్గురాలిని. అత్తగారింట్లో ఏం జరిగిందన్న ప్రశ్నకి ఆ మాటలో చోటే లేదు.

అప్పట్లో నేనొక పోర్చుగీసు నవల మీద వ్యాసం రాస్తున్నాను. పిహెచ్‌డి కోసం నేర్చుకున్న భాష అది. చదువుతుంటే 'అతిసార్' అనే క్రియ తగిలింది. నిఘంటువు 'ప్రేరేపించు, రెచ్చగొట్టు' అని అర్థమిస్తుంది. కానీ దాని పుట్టుక 'తిసావుఁ' అనే నామవాచకంతో ముడిపడి ఉంది. తిసావుఁ అంటే కొరివి, సగం కాలిన కట్టె. పొయ్యిలో కట్టెను కదిపి మంట లేపడం అతిసార్. పేజీ అంచున పెన్సిలుతో 'ఎగదోయు' అని రాసుకున్నాను. పొయ్యిలో కట్టెలు ఎగదోసేది ఎవరు? మన ఇళ్లలోనూ, అక్కడి పల్లెల్లోనూ ఆడవాళ్లే కదా. అక్కడినుంచి ఒకరిని దుస్సాహసానికి పురిగొల్పడానికి ఇంగ్లీషులో, పోర్చుగీసులో ఉన్న మాటలన్నీ ఏరడం మొదలుపెట్టాను. వ్యాసం ఆగిపోయింది. జాబితా పెరిగింది.

ఇంగ్లీషులో మనకి బాగా తెలిసినది 'ఎగ్ ఆన్'. దీనికీ కోడిగుడ్డుకీ సంబంధం లేదు. పాత నార్స్ భాషలోని 'ఎగ్య' నుంచి వచ్చింది. కత్తి అంచుకు పదును పెట్టడంలాంటి ఊహ అందులో ఉంది. 'గోడ్' అంటే పశువుల్ని పొడిచి తోలే ములుకర్ర. 'స్పర్' గుర్రం డొక్కలో గుచ్చే మడమ ముల్లు. 'ఇన్‌స్టిగేట్' లాటిన్‌లో పొడవడమే. కోర్టు భాషలో గంభీరంగా వినిపించే 'అబెట్' పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. కట్టేసిన జంతువు మీదికి కుక్కల్ని వదిలే వినోదం దాని మూలం.

పోర్చుగీసులో 'అసులార్' అంటే కుక్కల్ని ఉసిగొల్పడం. 'అగిల్యోఆర్' మళ్లీ ములుకర్రే. 'మంటలో కట్టెలు వేయడం' అనే నుడికారం మన ఆజ్యం పోయడానికి అక్కలాంటిది. 'దార్ కోర్ద' గడియారానికో బొమ్మకో కీ ఇవ్వడం. మన కుర్రాళ్లు "వాడికి కీ ఇచ్చి వదిలారు" అన్నప్పుడు సరిగ్గా ఇదే అంటారు. బ్రెజిల్ వీధుల్లో ఇంకో అడుగు ముందుకేసి 'బొతార్ పిల్య' అంటారు. అంటే బ్యాటరీ వేయడం.

జాబితా అంతా ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. రెచ్చగొట్టబడిన వ్యక్తి ఈ మాటల్లో ఎక్కడా మనిషి కాదు. ఎద్దు, గుర్రం, కుక్క, కత్తి, కట్టె, బొమ్మ. వేటికీ సొంత ఇష్టం లేదు. ఇష్టమంతా ములుకర్ర పట్టిన చేతిదే. అందుకే ఈ మాటలు నేరాన్ని ఒకరి మీదనుంచి ఇంకొకరి మీదికి మార్చడానికి అంత చక్కగా పనికొస్తాయి.

పోర్చుగీసులో సొంత బుద్ధి లేకుండా గుంపు వెంట నడిచే మనిషిని 'మరియ-వాయ్-కోమ్-అజ్-ఓత్రష్' అంటారు. 'మిగతా ఆడవాళ్లతో పోయే మరియ' అని అర్థం. మగవాడిని తిట్టేటప్పుడు కూడా మరియ పేరే. ఉసిగొల్పడంలోనూ ఆడపేరే, ఉసిగొల్పబడటంలోనూ ఆడపేరే అయితే మగవాడు ఎక్కడున్నట్టు?

దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే పనిని మంచిగా చెప్పే మాటలు. ఇంగ్లీషులో 'ఎన్‌కరేజ్', పోర్చుగీసులో 'ఎంకొరజార్'. రెండింటి మూలంలోనూ గుండె ఉంది. ఎదుటి మనిషికి గుండె ఉందని ఒప్పుకుంటాయి ఈ మాటలు. ఒకే వాక్యం, ఒకే గొంతు. ఎప్పుడది గుండెధైర్యం ఇవ్వడమవుతుంది, ఎప్పుడు ములుకర్ర అవుతుంది? ఫలితాన్ని బట్టి అంటాం. నా అనుమానం అది సగమే. చెప్పిందెవరు, చేసిందెవరు, చేసింది ఎవరికి నష్టం అన్నదాన్ని బట్టి కూడా.

'ఎనేబుల్' అనే మాట చూడండి. సాధ్యం చేయడం. నిర్దోషమైన క్రియ. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తాగుడు మాన్పించే చికిత్సల పరిభాషలోకి వెళ్లి 'ఎనేబ్లర్' అయింది. తాగేవాడి తాగుడు సాగనిచ్చే మనిషి. ఆ వేలు ఎక్కువగా చూపింది భార్యల వైపే. భర్త తాగొచ్చి పడిపోతే ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరం అండీ" అని చెప్పిన భార్య. ఆ అబద్ధం ఆడకపోతే ఉద్యోగం పోతుంది, ఇల్లు గడవదు. ఆమె గత్యంతరం లేక చేసిన పని అతని వ్యసనానికి కారణాల్లో ఒకటిగా జాబితాకెక్కింది.

'ఎగ్ ఆన్' పుట్టిన నార్స్ ప్రపంచానికి వెళ్దాం. పదమూడో శతాబ్దపు ఐస్‌లాండ్ గాథల్లో మగవాళ్లను పగకు పురికొల్పే స్త్రీ ఒక స్థిరమైన పాత్ర. న్యాల్ గాథలో హిల్డిగున్ భర్త హత్యకు గురవుతాడు. ఆ రోజు అతను వేసుకున్న అంగీలోనే నెత్తురు గడ్డల్ని మూటగట్టి దాస్తుంది. బంధువు ఫ్లోసి వచ్చినప్పుడు ఆ అంగీ అతని మీద కప్పుతుంది. గడ్డకట్టిన నెత్తురు అతని ఒంటిమీద రాలుతుంది. అతను ఆమెను రాక్షసి అంటాడు, ఆడవాళ్ల సలహాలను తిట్టిపోస్తాడు. తర్వాత న్యాల్ ఇంటిని మనుషులతో సహా తగలబెడతాడు. నిప్పు పెట్టింది ఫ్లోసి. పాఠకుల జ్ఞాపకంలో నిప్పు రాజేసింది హిల్డిగున్.

ఈ గాథల మీద స్త్రీవాద పరిశోధకులు రెండు ముఖ్యమైన ప్రశ్నలు వేశారు. ఈ స్త్రీలు నిజజీవితంలోంచి వచ్చారా, మగ రచయితల ఊహలోంచి వచ్చారా అన్నది జెన్నీ జోకెన్స్ ప్రశ్న. కేరల్ క్లోవర్ 1986లో రాసిన వ్యాసంలో ఇంకా లోతుకు వెళ్లింది. హిల్డిగున్ చేసినది రెచ్చగొట్టడం మాత్రమే కాదు, చనిపోయినవాడి కోసం ఏడ్చే శోకం కూడా. ఆ సమాజంలో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి అన్నది ఆమె వాదన. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే ఏదీ చదవబుద్ధి కాలేదు. విధవ ఏడుపు మగవాడి చెవికి చేరేసరికి ఆజ్ఞ అయిపోయింది. ఆమెకి న్యాయసభలో గొంతు లేదు. ఏడవడానికి మాత్రమే అనుమతి ఉంది. ఆ ఏడుపులోనే చెప్పవలసినదంతా చెప్పుకుంది. చెప్పినందుకు రాక్షసి అయింది.

అయితే రెచ్చగొట్టే స్త్రీలంతా మగవాళ్ల కల్పనే అని తేల్చేసి ఊరుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 1914 ఆగస్టులో ఇంగ్లాండులోని ఫోక్‌స్టన్‌లో చార్లెస్ పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే విశ్రాంత అడ్మిరల్ ముప్ఫయిమంది స్త్రీలను కూడగట్టాడు. సైన్యంలో చేరని యువకులు వీధిలో కనబడితే వాళ్ల చేతికి తెల్లటి ఈకనివ్వడం వాళ్ల పని. పిరికితనానికి గుర్తది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఆ ఈకలిచ్చిన చేతులు నిజంగా ఆడవాళ్లవే. ఈక అందుకున్న అవమానంతో యుద్ధానికి వెళ్లినవాళ్లున్నారు. మరుసటి ఏడాది సైనిక భర్తీ కమిటీ ఒక పోస్టరు వేసింది. కిటికీ దగ్గర నిలబడిన స్త్రీలు, బయట కదిలిపోతున్న సైనికులు. బ్రిటన్ స్త్రీలు వెళ్లమంటున్నారన్నది దాని సారాంశం. స్త్రీల తరఫున ఆ 'వెళ్లండి' అన్నది ప్రభుత్వ కమిటీ.

యుద్ధం ముగిశాక జ్ఞాపకంలో ఎవరు మిగిలారు? అడ్మిరల్ కాదు. ఈకలు పంచిన అమ్మాయిలు. ములుకర్రను తయారుచేసి చేతికిచ్చిన వ్యవస్థకి ఇంగ్లీషులో గౌరవప్రదమైన పేర్లున్నాయి. 'రిక్రూట్‌మెంట్' అనీ, 'మొరేల్' అనీ.

ఇప్పుడు అట్లాంటిక్ ఒడ్డుకు, పోర్చుగీసు సాహిత్యంలో అతి ప్రసిద్ధమైన వీడ్కోలు దగ్గరికి వద్దాం. కమోయింష్ రాసిన 'ఉష్ లుజీయదష్' 1572లో అచ్చయింది. నాలుగో సర్గ చివర వాస్కో డ గామా ఓడలు లిస్బన్ దగ్గరి తీరం నుంచి మన దేశానికి బయలుదేరుతుంటాయి. ఆ ఒడ్డున ఆడవాళ్లున్నారు. ఒక తల్లి కొడుకుని ఆపుతుంది. ఒక భార్య భర్తని నిలదీస్తుంది. ఆ ప్రాణం తనది, అతనిది కాదు కదా, దాన్ని సముద్రం పాలు చేయడానికి అతనెవరన్నది ఆమె ప్రశ్న. ఆ ఒడ్డున ఒక్క స్త్రీ కూడా వెళ్లమనడం లేదు. మరి గామా ఏం చేశాడు? మనసు మారుతుందేమోనని తల్లుల ముఖం, భార్యల ముఖం చూడకుండా, ఆనవాయితీ వీడ్కోలు కూడా లేకుండా ఓడ ఎక్కామని తనే చెప్తాడు.

అప్పుడొక ముసలాయన లేచి నిలబడతాడు. రెష్తెలు వృద్ధుడని పోర్చుగీసు బడిపిల్లలందరికీ తెలిసినవాడు. ఈ ప్రయాణం పిచ్చిపని అని శపిస్తాడు. ఆయన కోపం సగం మాటల మీదే. క్రూరత్వానికి పరాక్రమమని పేరుపెట్టారనీ, కీర్తి అనేది అమాయకుల్ని బుట్టలో వేసే పేరేననీ ఆయన నింద. నిఘంటువు మీద ఇంత సూటిగా తిరగబడిన పాత్ర మహాకావ్యాల్లో నాకింకొకటి తెలియదు.

కానీ ఆయన నిందించే ఆ పేర్లేమిటి? గ్లోరియ, కొబీస, ఫామ, ఓంర. కీర్తి, దురాశ, ఖ్యాతి, గౌరవం. పోర్చుగీసు వ్యాకరణంలో నాలుగూ స్త్రీలింగమే. కమోయింష్ కావాలని చేశాడని నేననను. ఆ భాషలో ఇలాంటి భావనామాలు చాలావరకు స్త్రీలింగాలే, లాటిన్‌లోనూ అంతే. అయినా ఆ ఘట్టం చదివే చెవికి జరిగేది మాత్రం ఇది: ఒడ్డున నిజమైన ఆడవాళ్లు వద్దని ఏడుస్తున్నారు, వెళ్లమని ఎగదోసినవాళ్లుగా శాపం తింటున్నదీ ఆడపేర్లే. వాళ్లను నిజంగా పంపిన రాజు పేరు ఎత్తి శపించడు ముసలాయన.

నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ ఒడ్డు అవతలి చివరనుంచి ఒక స్త్రీ జవాబు రాసింది. లీడియ జోర్జ్ నవల 'అ కోష్త దుష్ మూర్మూరియుష్' 1988లో వచ్చింది. నేనప్పుడు చదువుతున్నది ఇదే. వలస యుద్ధకాలపు మొజాంబిక్, బైర నగరంలో సైనికాధికారుల కుటుంబాలుండే హోటలు. నవల ముందుగా ఒక చిన్న కథ చెబుతుంది. తర్వాత ఆ కథలో పెళ్లికూతురుగా ఉన్న ఎవిత, ఇరవయ్యేళ్ల తర్వాత ఎవ లోపు అనే పేరుతో, ఆ కథ ఎక్కడెక్కడ ఏది దాచిందో విప్పుతూ పోతుంది. ఎవ అంటే మనం ఈవ్ అనే ఆదిస్త్రీ. పండు తినమని ఎగదోసిందన్న నింద మోసే మొదటి మనిషి.

ఆమె పెళ్లాడింది లెక్కలు చదువుకున్న కుర్రవాణ్ని. వచ్చి చూస్తే అతను వేరే మనిషి. తన కెప్టెన్‌ని ఆరాధిస్తూ, అతని నడకా అతని క్రూరత్వమూ నేర్చుకున్నాడు. ఇక్కడ నేను నా జాబితా తీసి చూసుకున్నాను. కెప్టెన్ చేసినదాన్ని ఏ క్రియతో చెప్పాలి? ములుకర్ర లేదు, కుక్కల్ని వదలలేదు, కట్టె ఎగదోయలేదు. తన మచ్చ చూపిస్తూ తిరిగాడు, అంతే. మగవాళ్ల మధ్య జరిగే ఈ పురికొల్పుకి నాకు ఆ రెండు భాషల్లో దొరికిన మాటలు వేరు. ఆదర్శం, సోదరభావం, శిక్షణ. తిట్టుగా పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. అదే నవలలో కెప్టెన్ భార్య పేరు హెలెన. ట్రాయ్ హెలెన్‌ని తలపిస్తూనే పెట్టిన పేరు. యుద్ధానికి కారణమని చెప్పడానికి ఒక ఆడపేరు ముందే సిద్ధంగా ఉంటుందని లీడియ జోర్జ్‌కి తెలుసు.

సాహిత్యం సంగతి ఇలా ఉంటే చట్టం సంగతేమిటి? బ్రెజిల్ శిక్షాస్మృతి 1940 నాటిది. ఆత్మహత్యకు పురికొల్పడం గురించిన దాని 122వ అధికరణం మూడు క్రియల్ని విడదీస్తుంది. 'ఇందుజిర్' అంటే లేని ఆలోచన పుట్టించడం. 'ఇంస్తిగార్' అంటే ఉన్న ఆలోచనను బలపరచడం. 'అవుసిలియార్' అంటే సాధనం అందించడం. 2019 సవరణలో తనను తాను గాయపరచుకోవడాన్ని కూడా ఇందులో చేర్చారు. మన 1860 శిక్షాస్మృతి 107వ సెక్షన్ ఇంగ్లీషు 'అబెట్‌మెంట్'ని మనకిచ్చింది. పురికొల్పడం, కుట్రలో పాల్గొనడం, సాయపడటం దాని మూడు రూపాలు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 45వ సెక్షన్. తెలుగులో దుష్ప్రేరణ అంటున్నాం.

చట్టాన్ని పొగడాలని కాదు. కానీ బ్రెజిల్ చట్టం చేసిన ఆ మొదటి విభజన, లేనిది పుట్టించడానికీ ఉన్నదాన్ని బలపరచడానికీ మధ్య గీత, నాకు చాలా పనికొచ్చింది. ఆ గీత గీయాలంటే ఎదుటి మనిషికి ముందే ఒక ఆలోచన ఉండి ఉండవచ్చని ఒప్పుకోవాలి. ములుకర్ర మాటలు ఒప్పుకోనిది అదే. ఆ అన్నయ్య ఒప్పుకోనిదీ అదే. చెల్లెలికి తెగింపు లేదని ఆయనకి ఖాయంగా తెలుసు. కాబట్టి అది బయటినుంచి వచ్చి ఉండాలి.

ఇక దాటవేసిన సంగతి. ఆ అమ్మాయి ఇల్లు వదలడానికి వారం ముందు నాకు ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడింది. నేను వింటూ ఉన్నాను. చివర్లో "వెళ్లిపోనా మేడమ్?" అంది. నేను "వెళ్లు" అన్నాను. ఒక్క మాట. అది లేని ఆలోచన పుట్టించలేదు, ఆ ఆలోచన ఏడాదిగా ఆమెలో ఉంది. కానీ బలపరిచింది. బలపరచాలనే అన్నాను. కాబట్టి "నేనేమీ చెప్పలేదండీ" అన్నప్పుడు నేను చట్టం ముందు కాకపోయినా ఆమె ముందు అబద్ధం ఆడాను.

ఎందుకాడాను? భయం. ఉద్యోగం, కమిటీలు, డిపార్ట్‌మెంటులో గుసగుసలు. ఇంకో కారణం కూడా ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆయన నా చేతిలో పెట్టిన ములుకర్రను వదిలించుకోవాలన్న తొందరలో నా మాటను కూడా వదిలేశాను. ఆయన చెల్లెలికి ఇష్టం లేదన్నాడు. నేను నాకు గొంతు లేదన్నాను. స్త్రీలు ఎగదోస్తారన్న నిందకి 'మేమేమీ అనలేదు' అన్నది జవాబు కాదు. ఆ జవాబు కూడా మనల్ని మళ్లీ ఎద్దునో కట్టెనో చేస్తుంది.

ఈ విషయం ఆ అమ్మాయికి పోయిన ఏడాది చెప్పాను. ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పుకుంటోంది. కూతురు బడికి వెళ్తోంది. "మా అన్నయ్య అప్పుడే చెప్పాడు మేడమ్, మీరు అలా అన్నారని. నాకు కోపం వచ్చింది. మీరూ వదిలేశారనుకున్నాను" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

బ్రెజిల్‌లో తోడు నిలవడాన్ని 'దార్ ఫోర్స' అంటారు. బలం ఇవ్వడం. మాట సాదాది. అందులో జంతువు లేదు, నిప్పు లేదు, కీ లేదు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఇద్దరూ మనుషులే. లెక్కచేయనితనం అని లోకం అనేదాన్ని ఎన్నో లెక్కలు వేసుకున్నాకే చేసే ఆడవాళ్లకి, వాళ్ల పక్కన నిలబడేవాళ్లకి, మన భాషలో ఇలాంటి మాట ఒకటి కావాలి. అది దొరికేదాకా కనీసం అన్నమాటను అన్నామని చెప్పుకోగలగాలి. ఆ అన్నయ్య మళ్లీ వస్తే, అవునండీ, నేను వెళ్లమన్నాను, తను ముందే నిర్ణయించుకుంది, రెండూ నిజమే అని చెబుతాను.